భూమినుండి లేచు పిడుగు

గడచిన వర్షకాలమున ఒకనాడు తొమ్మిదవ తరగతిలో మెరుపులను, ఉరుములను గూర్చిన పాఠమును ముగించి మేము పుస్తకము మూయబోవుచుండగా, వెనుక బల్లమీది విద్యార్థి యొకడు లేచి, తాను తెచ్చిన యొక ఛాయాచిత్రమును మాకు చూపెను. అందు కొండకొమ్మున నిలిచిన సన్నని గోపురమొకటి యుండెను. దాని కొననుండి మెరుపొకటి మేఘములోనికి ప్రాకుచుండెను. ఆ మెరుపు కొమ్మలన్నియు పైకే చాచుకొని, ఆకు రాల్చిన చెట్టువలె కనబడుచుండెను.

"అయ్యా, పిడుగు పైనుండి క్రిందికి పడునని తమరు ఇప్పుడే చెప్పితిరి. ఈ మెరుపు కొమ్మలు పైకేల పోవుచున్నవి?" అని యతడడిగెను.

మేము బొమ్మను నిదానించి చూడక, "నాయనా, దీనిని తలక్రిందులుగా అచ్చు వేసియుందురు" అని చెప్పితిమి.

అతడు కొంచెముసేపు ఊరకుండి, "అట్లయిన గోపురముకూడ తలక్రిందులుగా కనబడవలెను గదండీ" అనెను.

తరగతియంతయు నవ్వెను. నవ్వదగిన మాటనే మేము పలికితిమి. ఇరువది సంవత్సరములుగా చెప్పుచున్న పాఠమే గదా యను ధీమా మా కన్నులను మూసెను. ఆ బాలుడు తన కన్నులను నమ్మెను. మేము మా అలవాటును నమ్మితిమి. "నీ ప్రశ్నకు మేము బాకీ యున్నాము, చదివి చెప్పెదము" అని యానాడు ఒప్పుకొంటిమి. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుటకు వ్రాయబడుచున్నది. తక్కిన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును దీనివలన కొంత ప్రయోజనము పొందగలరని మా నమ్మకము.

మెరుపు కొమ్మలు తెలుపు దారి

మన భాషలో పిడుగు "పడును". ఆ మాట చాలవరకు సత్యమే. గాలివాన మేఘముయొక్క క్రింది భాగమున సామాన్యముగా ఋణావేశము కూడియుండును. అక్కడినుండి మసకయైన వెలుగుగల దారి యొకటి అంచెలంచెలుగా, ఒక్కొక్క అంచెకు కొన్ని పదుల మీటర్ల చొప్పున, నేలవైపు దిగును. దిగుచు దిగుచు అది చీలిపోవును. నేలను సమీపించినప్పుడు క్రిందనున్న చెట్టుమీదినుండియో, ఇంటి కొననుండియో చిన్న దారి యొకటి దానిని ఎదుర్కొనుటకు లేచును. రెండును కలిసిన క్షణముననే అప్పటివరకు పరచుకొన్న దారి యంతట గొప్ప ప్రవాహము ప్రవహించి, కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగు పుట్టును. ఈ వెలుగు క్రిందినుండి పైకి పరుగెత్తును గనుక దీనిని "తిరుగు దెబ్బ" యని పిలుతము. మనము చూచు మెరుపు, వినెడి ఉరుము ముఖ్యముగా దీనివే.

కొమ్మలు ఎటువైపు చీలునో గమనింపుడు. దారి వెదకుచు పోవునది ముందునకు పోవుచు చీలునుగాని వెనుకకు చీలదు. కాబట్టి పైనుండి దిగిన మెరుపునకు చెట్టు వేళ్లవలె కొమ్మలు క్రిందికి చాచుకొని యుండును. క్రిందినుండి లేచిన మెరుపునకు చెట్టు కొమ్మలవలె అవి పైకి చాచుకొని యుండును. మా విద్యార్థి తెచ్చిన బొమ్మలో తప్పేమియు లేదు. ఆ పిడుగు పడినది కాదు, లేచినది.

పిడుగు నేలనుండి లేచుట ఎట్లు? మేఘముననున్న ఆవేశము తన క్రిందనున్న భూమిపై వ్యతిరేకావేశమును చేర్చును. ఈ రెండింటి నడుమ నున్న గాలిలో విద్యుత్ క్షేత్రము ఏర్పడును. భూమిమీద నిట్టనిలువుగా లేచిన లోహపు వస్తువు కొనయందు ఆ క్షేత్రము మిక్కిలి గట్టిపడును. వస్తువెంత ఎత్తైనదో, కొన యెంత సన్ననిదో అంత యెక్కువ. క్షేత్రము ఒక హద్దు దాటినంతనే కొనవద్ద గాలి తన నిరోధమును కోల్పోయి, ధనావేశముగల దారి యొకటి సెకనునకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో మేఘమువైపు ఎగబ్రాకును. ఒక కిలోమీటరు పోవుటకు సెకనులో నూరవ వంతు చాలును.

సమతల భూమిపై 100 మీటర్లకు తక్కువైన కట్టడములనుండి ఇట్టి పిడుగు లేచుట మిక్కిలి అరుదు. ఎత్తు పెరిగినకొలది ఇవి యెక్కువగును. 500 మీటర్లు దాటిన గోపురములకు తగులు పిడుగులు దాదాపు అన్నియు ఆ గోపురములనుండి లేచినవే. కొండకొమ్మున నిలిపిన గోపురమునకు కొండ యెత్తుకూడ తోడగును గనుక, అది పొట్టిదైనను పొడవుదానివలె ప్రవర్తించును. కొన్నిమారులు గోపురము తనంతట తానే పిడుగును పుట్టించును. మరికొన్నిమారులు దగ్గర నెక్కడనో వేరొక మెరుపు మెరిసి, ఆకాశమందలి క్షేత్రమును తటాలున మార్చివేయగా, ఆ మార్పునకు గోపురము జవాబిచ్చును. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమున ర్యాపిడ్ సిటీ యను పట్టణమునందు పది గోపురములను వేగవంతమైన ఛాయాగ్రాహకములతో కనిపెట్టియుండగా, అక్కడ లేచిన పిడుగులలో పెక్కు ఈ రెండవ విధమువేయని తేలెను.

కొండలమీద కాపున్న వారు

ఈ సంగతి ఎట్లు తెలిసినది? న్యూయార్కు నగరమున 381 మీటర్ల ఎత్తుగల ఎంపైర్ స్టేట్ భవనము 1931లో తెరవబడెను. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన మెకెక్రన్ అను ఇంజనీరు ఆ భవనమునకు తగులు పిడుగులను ఛాయాచిత్రములు తీయించుచు, భవనముమీదనే ప్రవాహమును నమోదు చేయు పరికరములను పెట్టించి, 1939లో తన ఫలితములను ప్రకటించెను. ఆ పిడుగులలో చాలవాటికి మొదటి దారి భవనము కొననుండియే పైకి పోయినదని ఆయన చూపెను. అంతకంటె విచిత్రమైన మరియొక సంగతినికూడ ఆయన చూచెను. వాటిలో చాలవాటియందు మొదట గొప్ప దెబ్బ లేదు. కొన్ని వందల ఆంపియర్ల ప్రవాహము మాత్రము సెకనులో పదవ వంతులకొలది కాలము ఎడతెగక ప్రవహించెను. ఈ రెండవ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; ఈ పాఠమునకు ముడి యక్కడనే యున్నది.

పిమ్మట స్విట్జర్లాండు దేశమున కార్ల్ బెర్గర్ అను ఆచార్యుడు లుగానో సరస్సు ప్రక్కనున్న సాన్ సల్వతోరె కొండమీద గోపురమును సాధనముగా గైకొని 1943 మొదలుకొని సుమారు ముప్పది సంవత్సరములు పిడుగులను కొలిచెను. తరువాత రెండవ గోపురముకూడ చేర్చబడెను. వాటి యెత్తు సుమారు 70 మీటర్లే యైనను, కొండ తోడ్పాటువలన, వాటికి తగిలిన పిడుగులలో అత్యధికభాగము పైకి లేచినవే. దిగివచ్చిన పిడుగులు కొద్దియే యైనను వాటినికూడ ఆయన ఓపికతో చేర్చెను. అట్టి ఋణావేశపు పిడుగులలో 101 మొదటి దెబ్బల గరిష్ఠ ప్రవాహములను వరుసలో పెట్టగా, నడిమి విలువ 30,000 ఆంపియర్లు వచ్చెను. ఆ పట్టిక 1975లో ప్రకటింపబడెను. పిడుగునుండి కట్టడములను కాపాడు నియమములను వ్రాయువారు నేటికిని దానిని చూచుచున్నారు. ఏండ్లకొలది కాపునకు నూటయొక్క అంకెలు! ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నమున పట్టిక నిండకపోయిన విసుగుకొను మన విద్యార్థులు ఈ లెక్కను తలంచుకొనవలెను.

ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గు పట్టణము చెంత, 1,287 మీటర్ల ఎత్తుగల గైస్‌బెర్గు కొండమీద 100 మీటర్ల గోపురమొకటి యున్నది. దానిమీద 1998నుండి కొలతలు సాగినవి. ఆ గోపురమునకు ఏటేట సుమారు 60 పిడుగులు తగులును. దాదాపు అన్నియు లేచునవే. స్విట్జర్లాండులో 2,502 మీటర్ల ఎత్తుగల జెంటిస్ శిఖరముమీది 124 మీటర్ల గోపురమున 2010లో పరికరములు అమర్చబడెను. అక్కడ ఏటికి నూరు పిడుగులవరకు లభించుచున్నవి. కెనడాలోని టొరొంటో నగరమున 553 మీటర్ల సి.ఎన్. గోపురమును, జపానులోని టోక్యో నగరమున 2012లో ముగిసిన 634 మీటర్ల స్కైట్రీ గోపురమును ఇట్లే కొలతలకు వినియోగపడినవి. పిడుగు ఎక్కడ తగులునో ముందుగా తెలియదు గనుక దానిని కొలుచుట దుస్సాధ్యము. అయితే ఈ గోపురములు తామే పిడుగును పిలుచును. పరికరమును అక్కడ నుంచి కనిపెట్టియుండిన చాలును.

ప్రవాహమును కొలుచు విధము

పదివేల ఆంపియర్ల ప్రవాహమును ఏ పరికరముగుండ పోనిత్తుము? మన ప్రయోగశాలలోని ఆంపియరు మాపకము క్షణములో ఆవిరియగును. ఇందుకు రెండు ఉపాయములు కలవు. రెండును మన తరగతి పాఠములలోనివే.

మొదటిది ఓము నియమము. ప్రవాహము నిరోధముగుండ పోవునప్పుడు వోల్టేజి పుట్టును. అది ప్రవాహమును నిరోధముతో గుణించిన లబ్ధము. గైస్‌బెర్గు గోపురపు కొనయందు 0.00025 ఓముల నిరోధము మాత్రమే గల లోహపు భాగమొకటి అమర్చబడినది. పిడుగు ప్రవాహమంతయు దానిగుండనే పోవలెను. 12,000 ఆంపియర్లు పోయిన యెడల వచ్చు వోల్టేజి యెంత? 12,000 × 0.00025 = 3 వోల్టులు. చేతిదీపములోని రెండు ఘటములు కలిసి యిచ్చునంత! భయంకరమైన పిడుగు ఈ చిన్న గుణకారమువలన మన మాట వినునంతటి చిన్నదగుచున్నది.

రెండవది ప్రేరణ నియమము. ప్రవాహము పోవు కంబము చుట్టును అయస్కాంత క్షేత్రము పుట్టును. ఆ క్షేత్రము మారినప్పుడు సమీపమందలి తీగచుట్టలో వోల్టేజి పుట్టును. కావున కంబమునకు కడియము తొడిగినట్లు తీగచుట్టను చుట్టి యుంచినయెడల, కంబమును తాకకయే ప్రవాహమును కనుగొనవచ్చును. ఇట్టి చుట్టకు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడైన రొగోవ్‌స్కీ పేరు పెట్టబడినది. ఆ చుట్ట ప్రవాహముయొక్క మార్పు వేగమును మాత్రమే చెప్పును. క్షణక్షణపు మార్పులను కూడుకొనుచు పోయిన ప్రవాహము తెలియును. జెంటిస్ గోపురమున ఇట్టి చుట్టలు 24 మీటర్ల యెత్తునను, 82 మీటర్ల యెత్తునను రెండుచోట్ల అమర్చబడినవి.

రెండుచోట్ల ఏల? ప్రవాహము గోపురమున దిగునప్పుడు అలవలె పోవును. ఆ అల ఇంచుమించు కాంతి వేగముతో, అనగా సెకనునకు 3,00,000 కిలోమీటర్ల చొప్పున పోయి, గోపురము మొదట నేలకు తగిలి కొంత వెనుకకు మరలును. బావి గోడకు తగిలిన అల మరల వచ్చి క్రొత్త అలతో కలియునట్లు, దిగు ప్రవాహమును, మరలు ప్రవాహమును కలిసిపోవును. 124 మీటర్లు దిగుటకు సెకనులో పది లక్షల వంతులలో 0.4 వంతు మాత్రమే పట్టును. ఒక్కచోట కొలిచినయెడల ఏది పిడుగుదో, ఏది గోపురపు ప్రతిధ్వనియో తెలియదు. రెండుచోట్ల కొలిచి పోల్చినయెడల విడదీయవచ్చును.

మరియొక చిక్కు కలదు. లేచు పిడుగులో వంద ఆంపియర్ల ప్రవాహమును ఉండును. దానివెంటనే పదివేల ఆంపియర్ల దెబ్బయు రావచ్చును. కంసాలి త్రాసులో కట్టెలు తూచరాదు. అడితిలోని కాటాతో బంగారము తూచరాదు. కాబట్టి గైస్‌బెర్గున ఒకే ప్రవాహమును చిన్న కొలతకొక మార్గము, పెద్ద కొలతకొక మార్గముగా రెండు విధముల నమోదు చేయుదురు. సెకనునకు కోట్లకొలది పర్యాయములు విలువను గుర్తించు యంత్రము నిరంతరము వ్రాయుచు, తుడుచుచు ఉండును. పిడుగు తగిలిన క్షణమున తుడుచుట మాని, దానికి ముందు గడచిన కొద్దికాలపు వ్రాతనుకూడ నిలుపుకొనును. పిడుగు వచ్చినపిమ్మట కలము తీయువాడు దాని మొదలును ఎన్నడును చూడజాలడు.

కొలుచువారి ప్రాణముమాట యేమి? 1753లో రష్యా రాజధానియైన సెంటు పీటర్స్‌బర్గున రిఖ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఇంటిపైని ఇనుప కడ్డీనుండి లోనికి తెచ్చిన తీగవద్ద నిలిచి గాలివాన విద్యుత్తును కొలువబోయి, ఆ విద్యుత్తు తాకి చనిపోయెను. ఆయన మరణము వృథా కాలేదు. ఈనాడు గోపురపు కొననుండి కొలత గాజు దారమువెంట వెలుగు రూపమున దిగివచ్చును. గాజు వెలుగును తెచ్చునుగాని విద్యుత్తును తేదు. పరిశోధకుడు దూరమున క్షేమముగా కూర్చుండి చూచును.

క్షేత్రమును కొలుచు విధము

ప్రవాహమును గోపురముమీదనే కొలువవలెను. విద్యుత్ క్షేత్రమును దూరమునుండియు కొలువవచ్చును. మబ్బు లేని దినమున నేలవద్ద క్షేత్రము మీటరునకు సుమారు 100 వోల్టులు. గాలివాన మేఘము క్రింద అది మీటరునకు వేలకొలది వోల్టులగును. నిదానముగా మారు ఈ క్షేత్రమును కొలుచుటకు ఒక లోహపు పళ్లెముపై తిరుగు మూతను పెట్టుదురు. మూత తెరచినప్పుడు క్షేత్రము పళ్లెముపై ఆవేశమును చేర్చును. మూసినప్పుడు ఆ యావేశము తొలగును. ఇట్లు మూయుచు తెరచుచుండగా పళ్లెమునుండి అటునిటు పోవు స్వల్ప ప్రవాహము క్షేత్రముయొక్క బలమును తెలుపును. వేగముగా మారు క్షేత్రమునకైతే మూత లేని పళ్లెమును, వేగవంతమైన నమోదు యంత్రమును చాలును. జెంటిస్ పిడుగుల క్షేత్రమును సుమారు 15 కిలోమీటర్ల దూరమునగల హెరిసౌ అను ఊరిలో ఇట్లు కొలిచియున్నారు.

ప్రవాహము తెలిసియుండగా క్షేత్రమేల? ఇందులోనే గొప్ప ప్రయోజనమున్నది. అనేక దేశములలో పిడుగు తగిలిన స్థలమును కనిపెట్టు కేంద్రములు కలవు. అవి పిడుగును చూడవు. దూరమునకు వ్యాపించు విద్యుదయస్కాంత తరంగమును పట్టుకొని, దాని బలమునుబట్టి ప్రవాహమును ఊహించును. 30,000 ఆంపియర్ల తిరుగు దెబ్బ 100 కిలోమీటర్ల దూరమున పుట్టించు క్షేత్రము మీటరునకు కొద్ది వోల్టులు మాత్రమే. ఇది దూరమున విన్న డప్పు ధ్వనినిబట్టి వాయించువాని చేతిబలమును ఊహించుటవంటిది. ఊహ సరియైనదని నిర్ణయించునదెవరు? డప్పు ప్రక్కన నిలిచి చేతినే చూచినవాడు. గోపురమే ఆ సాక్షి. గోపురముమీది నిజ ప్రవాహమును, కేంద్రము చెప్పిన ప్రవాహమును ప్రక్కప్రక్కన పెట్టి చూచుట, బజారు తూకపు రాళ్లను సర్కారు తూకపు రాయితో సరిచూచుటవంటిది.

సాక్షి చెప్పిన మాట

ఇప్పుడు మెకెక్రన్ చూచిన రెండవ సంగతికి వత్తము. పైకి లేచు పిడుగు మేఘమును చేరుచుండగా గోపురముగుండ కొన్ని పదులనుండి కొన్ని వేల ఆంపియర్లవరకు గల ప్రవాహము, సెకనులో కొన్ని పదవ వంతులకాలము ఎడతెగక పోవును. దీనిని "మొదటి నిలుకడ ప్రవాహము" అందుము. అది ఆగినపిమ్మట కొన్నిమారులు అదే దారిని తిరుగు దెబ్బలు వచ్చును. కొన్నిమారులు ఏమియు రాదు. గైస్‌బెర్గున లేచిన పిడుగులలో దాదాపు సగము వాటియందు నిలుకడ ప్రవాహము తప్ప మరేమియు లేదు. తిరుగు దెబ్బ లేదు. తటాలున పెరిగి తగ్గు పెద్ద పోటును లేదు.

నిలుకడ ప్రవాహము నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గును గనుక దూరమునకు బలమైన తరంగము పంపదు. గొంతెత్తక పాడువాని పాట పొరుగూరికి వినబడదు గదా! కాబట్టి దూరపు కేంద్రములు అట్టి పిడుగులను పట్టుకొనలేకపోయినవి. గోపురము "నాకు పిడుగు తగిలినది" అనుచుండగా, కేంద్రపు పుస్తకమున "పిడుగు లేదు" అని యుండెను. గోపురమే లేకున్నయెడల ఈ లోపము ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

"చిన్న ప్రవాహమే గదా, పట్టుకొనకపోయిన నష్టమేమి?" అని యడుగవచ్చును. లెక్క వేసి చూతము. ఆవేశము కూలుంబులలో కావలెనన్న ప్రవాహమును కాలముతో గుణింపవలెను. 30,000 ఆంపియర్ల దెబ్బ సెకనులో పదివేలవ వంతు కాలము నిలిచినదనుకొనుడు. 30,000 × 0.0001 = 3 కూలుంబులు. 200 ఆంపియర్ల నిలుకడ ప్రవాహము 0.3 సెకను నిలిచినదనుకొనుడు. 200 × 0.3 = 60 కూలుంబులు. మొదటిది నూటయేబదిరెట్లు పెద్ద ప్రవాహము. అయినను రెండవదే ఇరువదిరెట్లు ఎక్కువ ఆవేశమును మోసినది.

పిడుగు లోహమును తాకిన చోట ఆ లోహమెంత కరగునన్నది ముఖ్యముగా ఆవేశముమీద ఆధారపడియుండును. పెద్ద దెబ్బ సుత్తివలె బ్రద్దలు చేయును. నిలుకడ ప్రవాహము కమ్మరి కొలిమివలె కరగించును. గాలి బలముతో విద్యుత్తును పుట్టించు పెద్ద మరలయందు ఈ సంగతి చక్కగా కనబడును. వాటి రెక్కల కొనలు నేలకు 100 మీటర్లకు పైగా లేచును గనుక అవియు పిడుగును పుట్టింపగలవు. జపాను దేశపు పడమటి తీరమున చలికాలపు మేఘములు మిక్కిలి క్రిందుగా వ్రేలాడును. అక్కడ లేచిన కొన్ని పిడుగులు 300 కూలుంబులకు మించిన ఆవేశమును మోసినవి. కట్టడముల రక్షణకై అంతర్జాతీయ ప్రమాణము మొదటి శ్రేణికి విధించిన హద్దు 200,000 ఆంపియర్లు, 300 కూలుంబులు. గరిష్ఠ ప్రవాహమును మాత్రమే కొలిచి, కాలమును కొలువనివాడు ఆ రెక్కకు తగిన రక్షణ చేయజాలడు. రెక్క కాలినపిమ్మట "ఆనాడు పిడుగు నమోదు కాలేదు" అని చెప్పిన మాట దానిని బాగుచేయుటకు కొండంత ఎత్తుకు త్రాటిపై ఎక్కు పనివానికి ఏమి మేలు?

ఈ కొలతలనుండి మరియొక ప్రయత్నము పుట్టెను. 2021వ సంవత్సరపు వేసవిలో జెంటిస్ గోపురము చెంతనుండి బలమైన లేసరు కిరణమును ఆకాశమునకు పంపి, గోపురమునుండి లేచు పిడుగు ఆ కిరణమువెంట సుమారు 50 మీటర్లు పోవుటను చూచిరి. ఆ ఫలితము 2023లో ప్రకటింపబడెను. పిడుగునకు దారి చూపవచ్చునని రుజువైనది. పైకి లేచు పిడుగును ఏండ్లకొలది కొలిచి, దాని స్వభావమును ఎరిగిన స్థలముననే ఇది సాధ్యమాయెను.

మాకు తెలిసివచ్చినది

విద్యార్థులారా, పిడుగు పడునన్న మాటను విడువనక్కరలేదు. మన పొలములలో, తాటితోపులలో తగులు పిడుగులు పడునవే. ఉరుము వినబడినంతనే చెట్టు క్రిందినుండియు, గోపురముల మొదటినుండియు తొలగి గట్టి ఇంటిలోనికి పొండు. మెరుపు కొమ్మలను పరీక్షించుటకు బయట నిలువకుడు. దానికి ఛాయాచిత్రములు చాలును.

మేమైతే రెండు సంగతులు నేర్చుకొంటిమి. పెద్ద ధ్వనియే పెద్ద పని చేయునను తలంపు తప్పు. నెమ్మదిగా, విడువక సాగునది ఎక్కువ మోయును. రెండవది, కొలత యేమి చూడగలదో యెరుగుటతోపాటు ఏమి చూడలేదోకూడ ఎరుగవలెను. దూరపు కేంద్రము తన పుస్తకమునే నమ్మియుండిన సగము పిడుగులు దానికి లేనివే యగును. మేమును మా పాఠపుస్తకమునే నమ్మి, కన్నులయెదుటి బొమ్మను కాదంటిమి. కేంద్రమును దిద్దినది గోపురము. మమ్ము దిద్దినది వెనుక బల్లమీది బాలుడు.

ఈ యేడు ఆ పాఠము వచ్చినప్పుడు నల్లబల్లమీద రెండు మెరుపులను వ్రాసితిమి: ఒకటి వేళ్లవలె, ఒకటి కొమ్మలవలె. రెండవదానిని వ్రాయుటకు సుద్దముక్కను ఆ బాలుని చేతికే ఇచ్చితిమి.

అభ్యాసము

1. 0.00025 ఓముల నిరోధముగుండ 20,000 ఆంపియర్లు పోయిన ఎన్ని వోల్టులు పుట్టును?

2. 150 ఆంపియర్ల నిలుకడ ప్రవాహము 0.4 సెకను సాగిన యెడల ఎన్ని కూలుంబులు ప్రవహించును? అంత ఆవేశమును 30,000 ఆంపియర్ల ప్రవాహము ఎంతకాలములో మోయును?

3. 553 మీటర్ల గోపురమున ప్రవాహపు అల కొననుండి మొదటికి దిగి మరల కొనకు చేరుటకు ఎంతకాలము పట్టును? అల వేగము కాంతి వేగమునకు సమానమని యెంచుకొనుడు.

4. మెరుపు ఛాయాచిత్రమొకటి సంపాదించి, అది దిగినదో లేచినదో కారణముతో వ్రాయుడు. బొమ్మకు విరుద్ధముగా మీ ఉపాధ్యాయుడు చెప్పిన యెడల, వినయముతో మరల అడుగుడు.